తువ్వాలు కింద పెట్టిన చేయి

గైడు ఉద్యోగానికి కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చి, "మేడం, ముందు ఏ పుస్తకాలు చదవమంటారు?" అని అడుగుతుంటారు. ముందు మంచి చెప్పులు కొనుక్కోండి అంటాను. నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పే మాట కాదది. అనంతపురం జిల్లా ఎండలో నల్లరాతి మెట్ల మీదుగా పట్నం జనాన్ని పైకి తీసుకెళ్లి, ఎవరూ సొమ్మసిల్లకుండా కిందికి దింపడమే ఈ ఉద్యోగంలో సగం. మిగిలిన సగంలో చాలా భాగం, ఎదుటివాళ్లకు ఎప్పుడు విసుగొచ్చిందో కనిపెట్టి నోరు మూసుకోవడం. చరిత్ర చెప్పడం ఆ తర్వాతి సంగతి.

నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి ఎవరికీ పనికిరావు, నాకే గుర్తులేవు. నేను పనిచేసిన ఊరి గురించి, అక్కడ ఒక కరువు ఏడాది జరిగిన సంగతి గురించి రాస్తాను. ఊరిని చూపించడమంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది ఆ వారంలోనే.

ఊరు, కొండ, సంత

నల్లగుండ్లపేట పెద్ద ఊరేమీ కాదు. గుత్తి, గుంతకల్లు మధ్య బస్సు దిగి, ఆటోలో ఇరుక్కుని కాస్త లోపలికి పోతే వస్తుంది. ముందు కొండ కనిపిస్తుంది, తర్వాతే ఊరు. కొండంటే పచ్చటి కొండ అనుకునేరు. ఎవరో నల్లటి బండలు కుప్పపోసి, సర్దడం మరిచిపోయి వెళ్లిపోయినట్టుంటుంది. ఆ గుండ్ల మధ్య సందులన్నీ కలుపుతూ గోడ కట్టి కోట అన్నారు. విజయనగరం రాజుల కాలంలో అది కాపలా కొండ. తర్వాత పాలెగాళ్లు ఎక్కి కూర్చున్నారు, ఆ తర్వాత మైసూరు వాళ్లు, చివరికి కుంఫిణీవాళ్లు. పైన ధాన్యపు కొట్లు, బండ తొలిచి చేసిన నీటి దొన, ఒక ఆంజనేయుడి గుడి, ఒక దర్గా, కొండ కొసన కాపలావాళ్ల రాతి మంటపం ఉన్నాయి. మంటపంలో నిలబడితే ఎర్రనేలలు, శనక్కాయ చేలు, ఎండిన చెరువు, దూరాన గుంతకల్లు వైపు పోయే రైలు కనిపిస్తాయి.

కోట వాకిలికి ఎదురుగా సంతబయలు. ఈ కోట ఎందుకు కట్టారని అడిగినవాళ్లకు నేను సంతబయలే చూపించేదాన్ని. తుంగభద్ర వైపు నుంచీ పెన్న వైపు నుంచీ వచ్చే బండ్ల దారులు ఇక్కడే కలిసేవి. ఆ బండ్ల దగ్గర సుంకం తీసుకోవడానికే దొరలు కొండెక్కి కూర్చున్నారు. దొరలు పోయారు, సుంకం పోయింది, సంత మాత్రం మిగిలింది. ప్రతి మంగళవారం తెల్లారేసరికి గొడ్లతో, గొర్రెలతో, మిరపకాయల మూటలతో బయలు నిండిపోయేది. సంత వీధిలో ఉగ్గాని బజ్జీ తినకుండా ఎవరూ కొండెక్కకూడదని నా రూలు. ఖాళీ కడుపుతో వినేవాడికి ఏ రాజైనా ఒకటే.

తొంభైల చివర్లో నాకు ఆ ఊళ్లో ఉద్యోగమని తెలిసినప్పుడు మా నాయన ధర్మవరంలో మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. పోగు అతుకుతూనే అడిగాడు: "రాళ్లు చూపిస్తే దుడ్లిస్తారా అమ్మీ? రాళ్లు ఈడ గూడా ఉండాయి కదా, ఈణ్నే చూపియ్యరాదా?" నాకు కోపం వచ్చింది. తర్వాత తర్వాత, ఎవరైనా పొగిడి నెత్తికెక్కిస్తున్నప్పుడల్లా ఆ ప్రశ్న గుర్తుచేసుకునేదాన్ని. నా పేరు విజయలక్ష్మి అయినా పేటలో అందరికీ నేను గైడక్కనే.

నోరెత్తని బేరం

సంతలో అందరూ చూడాలనుకునేది గొడ్ల బేరం. ఆ బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ కుడిచేతులు కలుపుతారు. వాటి మీద దళారి తువ్వాలు కప్పుతాడు. లోపల కొనేవాడు అమ్మేవాడి వేళ్లు పట్టుకుని ధర చెబుతాడు. వేలికి ఇంతని ముందే లెక్క ఉంటుంది, ఎన్ని వేళ్లు పట్టుకుంటే ధర అన్ని రెట్లు. ఇష్టం లేకపోతే అమ్మేవాడు తల అడ్డంగా ఊపుతాడు, మళ్లీ వేళ్లు వెతుక్కుంటారు. ధర పక్కవాడి చెవిన పడదు, ఎవరి పరువూ బజారున పడదు.

మా సంతలో దీనికొక కట్టుబాటు ఉంది. వేళ్లు పట్టుకున్నాక అమ్మేవాడు "సరే" అంటే బేరం ముగిసినట్టే. కొనేవాడు ఆ తర్వాత వెనక్కి తగ్గితే, ఆ ఎద్దుల్లో ఏదో లోపం ఉండబట్టే వదిలేశాడని అందరూ అనుకుంటారు. ఇక ఆ రోజు వాటిని ఎవరూ ముట్టుకోరు. మళ్లీ మంగళవారం దాకా ఆగాల్సిందే. ఆ వారం రోజులూ వాటికి మేత పెట్టే బాధ్యత మాట తప్పినవాడిది. ఎక్కడా రాసిపెట్టి లేదు, తప్పినవాడినీ నేను చూడలేదు.

దళారుల్లో పెద్ద ఖాదర్ సాబ్. తెల్లగడ్డం, భుజాన గళ్ల తువ్వాలు. మంచి ఏళ్లలో మా టూరిస్టులతో ఆయన ఈ బేరం ఆటగా ఆడించేవాడు. ఒకరి టోపీయో గడియారమో మరొకరికి అమ్మించేవాడు. ఏడాదికేడాది ఆ ఆట మా కోటకంటే ఎక్కువ పేరు తెచ్చుకుంది. మా ఆఫీసరు మూర్తిగారు దాన్ని కార్యక్రమంలో చేర్చేశారు.

మూర్తిగారి గురించి చెప్పాలి. కృష్ణా జిల్లా మనిషి. మా నేల చూస్తే ఆయనకు జాలి, మా భాష వింటే నవ్వు. కాలవ పక్కన పుట్టినవాళ్లకు నీళ్లు లేని ఊరు అర్థం కావడానికి టైం పడుతుంది. కానీ మనిషి చెడ్డవాడు కాదు. కింది ఉద్యోగి చెప్పేది చివరిదాకా వినేవాడు. అంతమంది ఆఫీసర్లలో ఆ గుణం నేను ఒకరిద్దరిలోనే చూశాను.

రెండువేల సంవత్సరం దాటాక వరసగా వానలు ఎగ్గొట్టాయి. కరువులో ఊరు చిన్నబోతుంది, సంత మాత్రం పెరుగుతుంది. ఇది కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. మేత లేక గొడ్లను అమ్ముకోవడానికి పల్లెలన్నీ కదిలి వచ్చేవి. కొనేవాళ్లు మాత్రం లారీలు తెచ్చుకున్న బయటి బేరగాళ్లే. ఎంతకు అడిగినా ఇచ్చిపోతారని వాళ్లకు తెలుసు. టూరిస్టులు మాత్రం "ఈసారి సంత ఎంత నిండుగా ఉందో!" అని మురిసిపోయేవాళ్లు. వాళ్ల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, వాళ్లకు కనిపించేది అదే. ఈ ఏడాదికి సంత చూపించొద్దని మూర్తిగారిని అడిగాను. "గుంపులు అదే అడుగుతున్నాయమ్మా, నన్నేం చెయ్యమంటావ్?" అన్నారు.

జోసెఫ్

ఆ ఎండాకాలం మొదట్లో హంపికి పోతూ దారిలో మా కోట చూద్దామని విదేశీయుల గుంపొకటి వచ్చింది. అందులో చెక్ దేశపు మనిషి జోసెఫ్ ఉన్నాడు. రిటైరైన భూగోళం టీచరు. మిగతావాళ్లు గోడల ఫొటోలు తీస్తుంటే ఆయన వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసేవాడు.

మంటపం దగ్గర నిలబడి కిందున్న సంతబయలు చూసి, "మా ఊరు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది" అన్నాడు. నేను నమ్మలేదు. పుల్ల తీసుకుని మట్టిలో గీశాడు. కొండ మీద కూలిపోయిన కోట. దాని కింద కాస్త వాలుగా ఉన్న చౌకు. చౌకు మధ్యలో, ఒకప్పుడు మహమ్మారి తగ్గినందుకు నిలబెట్టిన రాతి స్తంభం. ఒక మూల చర్చి, చుట్టూ వరసగా వ్యాపారుల ఇళ్లు, వెనక బీరు కాచే భవనం, పక్కనుంచి చిన్న ఏరు. పూర్వం ఏదో రాజు ఆ ఊరికి సంత పెట్టుకునే హక్కు ఇచ్చాడట. ఆ హక్కు చుట్టూనే ఊరు పెరిగిందట. వేరే ఊరి సంగతి వింటూ నేను అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

"మీ సంత ఏ వారం?" అని అడిగాను.

"ఇప్పుడు లేదు. గొడ్ల సంత అని ఒక వీధికి పేరు మాత్రం మిగిలింది. అక్కడ కార్లు నిలుపుకుంటాం. అందుకే మీది దగ్గరగా చూడాలని ఉంది" అన్నాడు. ఆ మాటలో దిగులుంది. నాకు ఆయన నచ్చాడు.

కిందికి దిగాక, ఆ రోజు గుంపు వెంట వచ్చిన మూర్తిగారు సైగ చేస్తే నేను ఖాదర్ సాబ్ దగ్గరికి వెళ్లాను.

"ఈ యేడు ఆటలేంటికక్కా? చూస్తాండావు కదా జనాల మొగాలు" అన్నాడు ఆయన.

"ఆఫీసరు అడుగుతున్నారు సాబ్."

నిట్టూర్చి వచ్చాడు. జోసెఫ్ తన పక్కావిడ టోపీ కొన్నాడు. తువ్వాలు కింద ఆమె అయిదు వేళ్లూ గట్టిగా పట్టుకుని, "ఓకే?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆట అయిపోయిందనుకుని నేను ఇద్దరు ముసలావిడలకు మంచినీళ్లు కొనడానికి అంగడికి వెళ్లాను.

ఆటే అనుకున్నాడు

నాగప్ప గార్లదిన్నె పక్క పల్లెనుంచి ఎద్దులను నడిపించుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఎద్దులకు పక్కటెముకలు తేలినా కొమ్ములకు నూనె రాసి, నుదుట కుంకుమ పెట్టి, మెడలో గవ్వల పట్టెలు కట్టి తెచ్చాడు. బళ్లారి వైపు నుంచి లారీ తెచ్చిన సిద్దప్ప అనే బేరగాడు అతని చేయి పట్టుకుని రెండు వేళ్ల దగ్గర ఆగిపోయాడు. నాగప్ప "సరే" అనలేదు. కాసేపు ఎండలో నిలబెడితే దారికొస్తాడని సిద్దప్ప టీ తాగడానికి పోయాడు. ఇలాంటి బేరగాళ్లకు ఆ ఎత్తు మామూలే. నాగప్ప చేతి మీద తువ్వాలు అలాగే ఉంది.

అప్పుడు జోసెఫ్ అటు పోయాడు. చేతి మీద తువ్వాలుతో నిలబడ్డ మనిషిని చూసి, ఇదీ ఆటేననుకున్నాడు. నవ్వుతూ చేయి లోపల పెట్టి, ఇందాక నేర్చుకున్నట్టే అయిదు వేళ్లూ పట్టుకుని "ఓకే?" అన్నాడు.

నాగప్ప ఆయన ముఖంలోకి చూసి, "సరేప్పా" అన్నాడట. పగ్గాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. జోసెఫ్ పగ్గాలు పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. తర్వాత వాటిని తిరిగి నాగప్ప చేతిలో పెట్టి, దండం పెట్టి వెళ్లబోయాడు.

నీళ్ల సీసాలతో నేను తిరిగొచ్చేసరికి సంతలో ఆ మూలంతా మాట్లాడటం ఆగిపోయి ఉంది. ఖాదర్ సాబ్ జోసెఫ్ ముందు నిలబడి ఉన్నాడు, దారికి అడ్డంగా. టీ తాగి తిరిగొచ్చిన సిద్దప్ప చేతులు దులుపుకున్నాడు. "వదిలేసిన సొమ్ములు నాకొద్దప్పా" అని లారీ వైపు పోయాడు. మా వైపు గొడ్లను సొమ్ములే అంటారు. నాగప్ప పగ్గాలు చేతిలో పట్టుకుని, వాటిని ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు.

నేను జోసెఫ్‌కు మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. ఏదీ దాచలేదు. గైడు పనిలో అబద్ధమాడటానికి చాలా అవకాశాలుంటాయి, అనువాదం చేసేటప్పుడు మరీను. ఆయన ముఖం పాలిపోయింది. మూర్తిగారు నా చెవి దగ్గరికి వచ్చారు.

"ఆయనకేం తెలుసమ్మా పాపం. సారీ చెప్పించి బస్సెక్కించెయ్. హంపి చేరేసరికి పొద్దుపోతుంది."

ఆ మాట ఖాదర్ సాబ్ విన్నాడు. "ఆయనకి తెలీదు సార్, నిజమే. ఎద్దులకి తెలుసునా? వారం దినాలు అవి ఏం తినల్ల?"

జోసెఫ్ పర్సు తీశాడు. అయిదు వేళ్ల ధర ఇచ్చి కొనేస్తానన్నాడు. నేను నాగప్పకు చెప్పాను.

"కొని ఏం చేస్తాడంటక్కా?"

అడిగాను. మళ్లీ మీకే వదిలేస్తానంటున్నాడని చెప్పాను. నాగప్ప కళ్లు ఎర్రబడ్డాయి. "నేను ఎద్దుల్ని అమ్మనీకి వస్తి, అడుక్కోనీకి రాలేదు. ఊరికే ఇచ్చే దుడ్లు నాకేంటికక్కా?"

అయితే మేతకైనా డబ్బిస్తానన్నాడు జోసెఫ్. ఖాదర్ సాబ్ నవ్వాడు, అది చూడలేకపోయాను. "దుడ్లు మేస్తాయా ఎద్దులు? గడ్డి యాడుండాదో చూపియ్యమను, దుడ్లు నేనిస్తా."

నిజంగానే పేటలో అమ్మడానికి గడ్డి లేదు. చుట్టుపక్కల పల్లెల్లోనూ లేదు. జోసెఫ్ బస్సు దగ్గరికి నడిచాడు. మూర్తిగారు హమ్మయ్య అనుకున్నారు. జోసెఫ్ తన సంచి దించుకుని మళ్లీ వచ్చాడు. "పగలగొట్టినవాళ్లే ఊడవాలని పిల్లలకు జీవితమంతా చెప్పాను" అన్నాడు నాతో. బస్సు ఆయన్ను వదిలేసి హంపికి పోయింది.

వారం రోజుల మేత

ఎద్దులను నడిపించుకుని పల్లెకు పోయి మళ్లీ రావాలంటే వాటి వల్ల కాదు. నాగప్ప సంతబయల్లోనే గుడారం గుడ్డ కింద ఉండిపోయాడు. జోసెఫ్‌కు ట్రావెలర్స్ బంగళాలో గది ఇప్పించాను. మరుసటి రోజు పొద్దున్నే ఆయన నెత్తికి తువ్వాలు చుట్టుకుని హాజరయ్యాడు.

ఇంటింటికీ తిరిగాం. హోటళ్లలో కూరగాయల తొక్కలు, అరటి ఆకులు ఇచ్చారు. ఒకావిడ గుడిసె కప్పు మీది పాత బోదగడ్డి పీకి ఇచ్చింది. వేపమండలు కొట్టుకొచ్చారు. అన్నీ వేసినా ఎద్దులు కాస్త కొరికి, తల తిప్పుకున్నాయి. నల్లటి ఎద్దు పడుకుంటే లేవడానికి చాలాసేపు పట్టింది. నాగప్ప దాని మెడ కింద చేయి వేసి లేపుతూ తిట్టేవాడు. వారం గడిచేలోపు అది కూలిపోతే ఇక అమ్మకమే లేదు. ఎద్దు లేనివాడికి, వాన పడినా సేద్యం లేదు. మా అందరికీ అది తెలుసు.

గురువారం నేను డ్యూటీలో భాగంగా కోట తలుపులు తీయడానికి పోతుంటే జోసెఫ్ వెంట వచ్చాడు. మామూలుగా టూరిస్టులను మంటపం దాకానే తీసుకెళ్తాం. ధాన్యపు కొట్ల వెనక పెద్ద బయలుంది. అటు రాలిన గోడలున్నాయని గేటు వేసి ఉంచేవాళ్లం. తాళం సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి నేను గేటు తోశాను. లోపల నడుము ఎత్తు ఎండుగడ్డి. బండల మీది నీళ్లన్నీ అటే దిగుతాయి, ఏ కాస్త చినుకు పడ్డా అక్కడ గడ్డి లేస్తుంది. మేకలు రాకుండా కంచె, మనుషులు రాకుండా కాపలా. ఎన్నో ఏళ్లుగా దాన్ని ఎవరూ మేపలేదు.

"దీన్ని ఏది తింటుంది?" అని అడిగాడు జోసెఫ్.

"ఏదీ తినదు. పాములు చేరతాయని ఏటా ఎండాకాలంలో మేమే తగలబెట్టిస్తాం" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు వినబడింది. నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. కింద సంతబయల్లో గుడారం గుడ్డ కనిపిస్తోంది. సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి, ఎవరి మీదో తెలియలేదు.

పరుగులాంటి నడకతో దిగి ఖాదర్ సాబ్‌కు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మాకు తెలీదనుకుంటివా అక్కా? పొగ లేసినప్పుడల్లా చూస్తానే ఉండాము."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"లోపలికొస్తే జుల్మానా అని బోర్డు పెట్టినారు. అడిగితే ఇస్తుంటిరా?"

ఇచ్చేవాళ్లం కాదు.

మూర్తిగారి ఫోను

ఎస్టీడీ బూతు నుంచి అనంతపురానికి ఫోన్ చేశాను. మూర్తిగారు అంతా విన్నారు.

"కాల్చడానికి మనకు పర్మిషనుంది విజయలక్ష్మీ. కోసి బయటికి పంపడానికి లేదు. అడిగితే పై నుంచి జవాబొచ్చేసరికి వానాకాలం వస్తుంది."

"అప్పటికి ఆ ఎద్దులుండవు సార్."

బూతువాడు మీటరు చూస్తున్నాడు. చివరికి మూర్తిగారు అన్నారు: "శుభ్రం చేయించమనే కదమ్మా మనకు ఆర్డరు. చేయించు. నిప్పుతో చేయించావో కొడవలితో చేయించావో నేను చూడను. ఈ వారం నాకు అటు టూరు లేదు."

ఫోను పెట్టేసే ముందు ఇంకో మాట అడిగారు. "మా వైపు గడ్డివాములు రోడ్డు పక్కనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. అక్కడ నిజంగా అంత కష్టంగా ఉందా?" ఉందన్నాను. ఆ తర్వాత ఆయన మా నేల మీద జాలి చూపించడం మానేసి, నీళ్ల ట్యాంకర్ల కోసం కలెక్టరాఫీసులో తగాదాలు పెట్టుకోవడం మొదలెట్టారు.

శుక్రవారం పొద్దున గేటు తీశాం. గడ్డి సంగతి తెలిసి ఊరంతా కొండెక్కింది. మొదట తోపులాట. ఇద్దరు కొడవళ్లు చేతిలో పట్టుకునే అరుచుకున్నారు. ఖాదర్ సాబ్ ఒక బండెక్కి గద్దించాడు: "పోయిన మంగళారం సొమ్ముల్ని అమ్మనీకి తెచ్చినోళ్లు ముందు కోయల్ల. మిగిలింది తర్వాతోళ్లకి. నచ్చనోడు దిగి పోవచ్చు." ఎవరూ దిగిపోలేదు.

మూడు కొడవలి వేట్లకే జోసెఫ్ చేతులు బొబ్బలెక్కాయి. నాగప్ప ఆయన చేతిలోంచి కొడవలి లాక్కుని, మోపులు కట్టే పని అప్పగించాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మధ్యాహ్నం ధాన్యపు కొట్టు నీడలో ఇద్దరూ మట్టి గడ్డలు చేతిలో పట్టుకుని ఏదో వాదించుకుంటూ కనిపించారు. నన్ను పిలవలేదు. నాగప్ప మోపు ఎత్తుకుంటూ గోడల వైపు చూసి, "ఏమక్కా, ఇవి చూడనీకేనా వీళ్లు ఇంత దూరం నుంచి వచ్చేది? మా ఊర్లో పడిపోయిన ఇండ్లు శానా ఉండాయి, పంపియ్యి" అన్నాడు. ఆ వారంలో అతను నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ గడ్డితో కరువు తీరలేదు. అంత గడ్డి ఏ కోటలోనూ ఉండదు. కానీ ఆ తర్వాత నేనున్నంత కాలం అక్కడ ఎవరూ నిప్పు పెట్టలేదు. ఎండాకాలం మొదట్లో గేటు తీసేవాళ్లం, కొడవళ్లు వచ్చేవి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పేదొక్కటే. మీరు చూపించే ఊళ్లో మనుషులు తమ పనులు చేసుకుంటున్నారు. వాళ్ల పని మీకు కార్యక్రమంలో ఒక అంశం కావచ్చు, వాళ్లకు మాత్రం అది ఆ రోజు బతుకు. చూపించేముందు వాళ్లను అడగండి. వద్దంటే ఊరుకోండి, ఆఫీసరు ఎంత సైగ చేసినా. బేరాన్ని ఆటగా చూపించడం నేను ఆ ఏడాదితో మానేశాను. ఖాదర్ సాబ్ పిలిస్తేనే తీసుకెళ్లేదాన్ని.

మళ్లీ మంగళవారం

వారం తిరిగింది. కట్టుబాటు ప్రకారం నాగప్ప ఎద్దులు మళ్లీ అమ్మకానికి వచ్చాయి. ఆ రోజు సంతలో గొడ్లు తగ్గాయి, లారీలు మాత్రం అలాగే వచ్చాయి. నల్ల ఎద్దు తనంతట తాను లేచి నిలబడింది. జోసెఫ్ సాయంత్రం బస్సుకు వెళ్లాలి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నా పక్కన నిలబడ్డాడు, ఎవరి తువ్వాలు దగ్గరికీ పోనని.

నాగప్ప ఏం చేస్తాడో నాకు తెలియదు. పొద్దున అడిగితే, "ఇంట్లో మాట్లాడి రాలేదు కదక్కా" అన్నాడు. కోటగడ్డిలో అతని వంతును ఖాదర్ సాబ్ తన బండి ఎరువిచ్చి అందులో ఎత్తించి ఉంచాడు. ఎద్దులు అమ్మితే ఆ గడ్డి పక్కవాళ్లకు పోతుంది.

సిద్దప్ప వచ్చాడు. ఎద్దుల చుట్టూ తిరిగాడు, వాటి నోళ్లు తెరిపించి పళ్లు చూశాడు, డొక్కలు తడిమాడు. ఖాదర్ సాబ్ తువ్వాలు కప్పాడు. చేతులు లోపలికి పోయాయి. తువ్వాలు కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. సిద్దప్ప కనుబొమ్మలు పైకి లేచాయి. మరోసారి కదిలింది. నేను నాగప్ప నోటి వైపు చూస్తున్నాను, ఆ "సరే" రాకూడదని. అతనికి డబ్బు ఎంత అవసరమో తెలిసీ అలా కోరుకున్నాను.

నాగప్ప చేయి బయటికి తీశాడు. తువ్వాలు మడిచి ఖాదర్ సాబ్ భుజాన వేశాడు. పగ్గాలు విప్పి, గడ్డిబండి దగ్గరికి ఎద్దులను నడిపించుకుపోయి కాడి కట్టాడు. జోసెఫ్ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆయన బొబ్బల చేయి తీసుకుని అరచేతితో తట్టాడు. తువ్వాలు లేకుండానే. తర్వాత బండెక్కాడు.

సిద్దప్ప కోపం తెచ్చుకోలేదు. బేరం పోయినవాడు సాధారణంగా ఎద్దులకు వంకలు పెడతాడు, అతను అదీ చేయలేదు. పోతున్న బండిని చూస్తూ ఖాదర్ సాబ్‌తో అన్నాడు: "పోయిన వారం వాని చేయి వణుకుతాండె సాబూ, రెండు వేళ్లకే ఇచ్చేస్తాడనుకుంటి. ఈ పొద్దు ఎంత పిసికినా ఆ చేయి కదల్లేదు. నాలుగు వేళ్లు పట్టినా."

ఆ కోటను ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో నేను ఎన్ని వేలమందికి చెప్పి ఉంటానో. ఒక మనిషి గెలిచి ఇంటికి పోవడం నా కళ్లతో చూసింది మాత్రం ఆ మంగళవారం ఒక్కటే.